తెల్లమొదలు చోడి

ఆ ఆదివారం కనకకి కోపం వచ్చింది. దేవుడి మీద కాదు, దేవుడు కథలో చెప్పిన రైతు మీద.

పాస్టరు రవిబాబు చెప్పిన కథ చిన్నదే. ఒక రైతు పొలంలో మంచి విత్తనం చల్లాడు. అందరూ పడుకున్నాక పగవాడొకడు వచ్చి అదే పొలంలో కలుపు విత్తనం చల్లి పోయాడు. రెండూ కలిసి మొలిచాయి. కలుపు పీకేయమంటారా అని పనివాళ్ళు అడిగితే, వద్దు, దానితోపాటు పంట కూడా ఊడి వస్తుంది, కోత దాకా రెంటినీ పెరగనివ్వండి అన్నాడట ఆ రైతు.

"పెరగనిమ్మన్నాడా!" ఆడవాళ్ళ వరసలో చాప మీద కూర్చున్న కనక పైకే అనేసింది. "ఆ రైతుకి మతి గాని పోయినాదేటి అయ్యగారూ? తొలికలుపు తియ్యకపోతే సోడి ఏటవుతాదో ఆ మారాజుకి తెల్దా?"

రేకుల చర్చి అంతా గొల్లున నవ్వింది. రవిబాబు తుని వైపు మనిషి, పాతికేళ్ళు దాటి రెండేళ్ళు. ఈ కొండగూడెం పనసగుడకి వచ్చి ఏడాదయింది. పాటలు బాగా పాడతాడు, పిల్లలకి చదువు చెప్తాడు, చెప్పులు విప్పి చేలోకి దిగడం మాత్రం ఎవరూ చూడలేదు. అతనూ నవ్వేశాడు.

"కథ పంట గురించి కాదమ్మా, మనుషుల గురించి."

"మనుసుల గురించైతే మనుసుల కతే సెప్పాలి. పంట ఊసెత్తితే పంట తెలిసినోళ్ళు ఊరుకుంటారేటి?"

మళ్ళీ నవ్వులు. కనక నవ్వలేదు, ఆమె వేళాకోళానికి అనలేదు మరి. చుట్టుపక్కల నాలుగు గూడేల్లో కలుపు తీతకి కనకని మించిన కన్ను లేదు. చోడి, అంటే రాగి, వేసిన చేలో పిచ్చిచోడి అనే కలుపు మొలుస్తుంది. ఆకు అదే, పచ్చదనం అదే, ఎత్తూ అదే. కంకి వేసేదాకా రెంటికీ తేడా కనిపెట్టడం అందరి వల్లా కాదు. కనక వంగి మొదలు చూస్తుంది. ఎర్రగా ఉంటే చోడి, తెల్లగా ఉంటే పిచ్చిది. చూపు పడటం, చెయ్యి పడటం ఒక్కసారే. ఆమె తీసిన చేలో మళ్ళీ కలుపు వెతకడం దండగని మగవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అలాంటి మనిషి ముందు కూర్చుని కలుపు జోలికి పోవద్దంటే ఒళ్ళు మండదా?

ఆఖరి ప్రార్థన అయ్యాక సంఘపెద్ద ధనరాజు లేచాడు. తెల్ల చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్న పెద్దమనిషి, నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉంటాడు.

"సంగంలో పేరున్నోళ్ళు దిసారి గడప తొక్కకూడదని మనం కట్టుబాటు సేసుకున్నాం. సిట్టెమ్మ నల్లకోడి సంకనెట్టుకుని దిసారి ఇంటికెల్లినాది. సూసినోళ్ళున్నారు. దాని పేరు కొట్టెయ్యాల."

దిసారి అంటే ఊరి దేవతలకి పూజ చేసేవాడు. చుక్క చూసి మంచిరోజు చెప్తాడు, జబ్బుకి మొక్కు చెప్తాడు. అందరూ చిట్టెమ్మ వైపు తిరిగారు. ఆమె తొమ్మిదేళ్ళ కూతురు రత్నని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలలో పేలు చూస్తోంది. చెయ్యి ఆపింది.

"ఎల్లినాను. కాదన్నానా? గుంటకి తొమ్మిది దినాలు జొరం దిగలేదు. నర్సమ్మ ఇచ్చిన మాత్రలేసినాను. అయ్యగారు పార్దన సేసినారు. దిసారి కోడి కోసినాడు. మూడిట్లో ఏది పనిసేసినాదో నాకెలాగ తెలుస్తాది?"

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. ధనరాజు మొహం ఇంకా బిగిసింది.

పేరు కొట్టేయడమంటే పుస్తకంలో ఒక గీత, అంతేగా అనుకుంటారు కొండ కిందవాళ్ళు. పనసగుడలో అది గీత కాదు. పేరు పోయినవాళ్ళ చేలోకి చర్చి వాళ్ళు బదులు పనికి వెళ్ళరు. ఒకరోజు అందరూ నా చేలో, మర్నాడు అందరూ నీ చేలో, అదీ బదులంటే. మొగుడు పోయి, చిన్న పిల్లతో ఉన్న మనిషి కొండవాలులో ఎకరన్నర చోడి ఒంటి చేత్తో కలుపు తీసుకోవడం అయ్యే పని కాదు. ఆ చేను పోతే చిట్టెమ్మ కొండ దిగి కూలికి పోవడమే. ఇది చిట్టెమ్మకీ తెలుసు, ధనరాజుకీ తెలుసు.

రవిబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే ఆదివారం చూద్దాం. చూసినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. అప్పుడే పుస్తకం తీస్తాను," అన్నాడు.

చూసిన మనిషి కనక. ధనరాజు చెవిన వేసింది కూడా ఆవిడే.

*

"సెప్తావేటి?" సోమవారం సాయంత్రం కలుపు తీసే బొరిగెకి కొత్త పిడి చెక్కుతూ అడిగాడు కనక మొగుడు భీముడు.

"సూసింది సెప్తాను. నేనిది కల్పించినానా?"

"కల్పించినావని అన్లేదు. దాని మొగుడు నాకు సిన్నాన్న కొడుకు."

"అయితే?"

"అయితే ఏటీ నేదు. అడిగినానంతే." భీముడు పిడి బిగించి నేలకేసి రెండుసార్లు కొట్టాడు. పెళ్ళాంతో వాదన పెట్టుకోవడం కన్నా అడవిపందితో పెట్టుకోవడం మేలని అతని నమ్మకం.

అప్పుడే రత్న వాకిట్లోకొచ్చింది. జ్వరం తగ్గి నెల దాటినా చేతులు పుల్లల్లాగే ఉన్నాయి. "పెద్దమ్మా, అమ్మ ఉప్పు అడగమన్నాది."

కనక లోపలికి వెళ్ళి ఉప్పు ఆకులో పోసి తెచ్చింది. పిల్ల చేతిలో పెడుతూ ఎటో చూసింది. మిరపమొక్కల వైపో, గొడ్లసాల వైపో, పిల్ల మొహం తప్ప ఇంకెటైనా సరే. రత్న వెళ్ళిపోయింది.

"గుంటని సూడవేటే?" అన్నాడు భీముడు.

"సూడకేటి? ఉప్పు ఇచ్చినాను గదా! కోడి కోయించెయ్యడం, పిల్లలు బతికెయ్యడం! ఇంత సుళువైతే లోకంలో ఎవులి పిల్లలూ..." అని ఆగిపోయి, పొయ్యి ముందు కూర్చుని, మండుతున్న పొయ్యినే మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది.

గురువారం చిట్టెమ్మ చేను వంతు. వెళ్ళాలా వద్దా అని కొందరు కనక మొహం చూశారు. కనక తలగుడ్డ చుట్టుకుంది. "ఆదివారం దాకా దాని పేరున్నాది. అది మన సేలకి వచ్చినాది. మనం ఎల్లకపోతే తప్పు మనదవుతాది," అని ముందు తనే నడిచింది. కనకలో ఎన్ని వంకలున్నా బదులు ఎగ్గొట్టే గుణం మాత్రం లేదు.

శ్రావణమాసపు మబ్బు కొండ నెత్తిన కూర్చుంది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు వాలు పైనుంచి వరసగా కూర్చుని కిందికి జరుగుతూ తీస్తున్నారు. చిట్టెమ్మ లేదు. ఎవరి చేను వంతైతే వాళ్ళు అందరికీ వండి తేవాలి. మిగతా గూడేలవాళ్ళు కలుపుని బొరిగెతో గీరుతారు. కనకకి అది నచ్చదు. పిచ్చిచోడి ఉన్నచోట బొరిగె వాడటం చేతకానివాళ్ళ పని అంటుంది. రెండు వేళ్ళతో మొదలు పట్టి, కాస్త తిప్పి, వేరుతో సహా లాగుతుంది. తన వరసలోవాళ్ళకీ ఇదే పద్ధతి అలవాటు చేసింది.

పైభాగం తేలిగ్గానే అయింది. కింది ముక్కలోకి దిగేసరికి చిన్నమ్మలు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లోంచి బయటికి తీసింది. అరవై దాటిన మనిషి, వరసలో అందరికన్నా పెద్ద.

"ఒలే కనకా, ఇయ్యేటే? అన్నీ తెల్లగానే ఉన్నాయి?"

కనక వంగి చూసింది. తెల్ల మొదలు. పక్కది చూసింది, తెల్లదే. దాని పక్కదీ తెల్లదే.

"పిచ్చిది. పీకండి."

"ఇంతేటే? సోడి ఒక్కటీ నేకుండా, అంతా పిచ్చిదే ఎలగొత్తాది?"

"ఎలగొత్తాదో దాన్నే అడుగు. దిసారికి కోడినిచ్చినోళ్ళ సేను ఇలగ్గాక ఎలగుంటాది? దేవుడు ఊరుకుంటాడేటి?" కనక గొంతులో సంతోషం ఉంది. అది ఆమెకే వినిపించింది, వినిపించినా ఆపుకోబుద్ధి కాలేదు. కళ్ళెదుట ఇంత రుజువు దొరికాక ఆదివారం సాక్ష్యం చెప్పడం ఎంత పని?

చిన్నమ్మలు చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. కలుపు మాటలో కనకకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. తొమ్మిది జతల చేతులు పడ్డాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కింది ముక్క బోడిగా అయింది. పీకిన మొక్కలు గట్టు మీద మోకాలెత్తు కుప్ప.

అంబలి కుండ నెత్తిన పెట్టుకుని, వలిసెల పచ్చడి ఆకులో కట్టుకుని, చిట్టెమ్మ గట్టెక్కింది. కుప్ప చూసింది. చేను చూసింది. కుండ దించి కింద పెట్టింది.

"అక్కా," అంది మెల్లగా, "అది సోడి."

"పిచ్చిది. మొదలు సూడు."

"ఆపీసు సోడి అక్కా. సంతలో వెవసాయం ఆపీసోళ్ళు ఇత్తనం పేకెట్లు పంచినారు గదా, కింద ముక్కలో అదే జల్లినాను. దాని మొదలు తెల్లగానే ఉంటాదన్నారు."

"ఆళ్ళన్నారని నమ్మీసినావా? పిచ్చిదే కట్టి ఇచ్చినారేమో!"

"ఇంటెనక నాలుగు గింజలు ముందేసినాను. కంకి తీసినాది. రా, నీ కళ్ళతో సూద్దువు."

చిట్టెమ్మ ఇల్లు చేనుకి ఆనుకునే ఉంది. కనక విసవిసా నడిచి వెళ్ళింది, తప్పు పట్టడానికే వెళ్ళింది. దొడ్లో బూడిద పోసే చోట నాలుగైదు దుబ్బులు. కూర్చుని ఆకులు పక్కకి తోసింది. మొదలు తెల్లగా ఉంది. తలెత్తి చూసింది. పైన కంకి. మూసిన పిడికిలిలా లోపలికి ముడుచుకున్న లావాటి వేళ్ళు, ఒత్తుగా గింజ. పిచ్చిచోడి కంకి బక్కగా, వేళ్ళు విరబోసుకుని ఉంటుంది. ఇది చోడి, వంక పెట్టడానికి ఏమీ లేదు. కనక ఇంకో దుబ్బు చూసింది. తర్వాత ఇంకోటి. అక్కడే బూడిదలో కూలబడింది.

"ఓలమ్మో, ఎంత పని సేసినాను! దీని నోటికాడ కూడు పీకీసినాను!"

గొంతు విని రత్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిట్టెమ్మ వచ్చి కనక రెక్క పట్టుకుని లేపింది.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గాని. మబ్బున్నాది. ఏర్లు ఆరిపోకముందే నాటీసుకుందాం, బేగి రా."

చోడి మొండిది. నారు పోసి పీకి నాటితే బతికే పైరే. కాకపోతే ఎండ తగలకూడదు, వేరు తెగకూడదు. కనక వేళ్ళు చేసిన తప్పుకి కనక వేళ్ళే కొంత అడ్డం పడ్డాయి. బొరిగె తగలకుండా లాగినవి కాబట్టి ఎక్కువ మొక్కలకి వేరు మిగిలింది. అంబలి ఎవరూ తాగలేదు. చిన్నమ్మలు గట్టు మీద కూర్చుని తెగినవాటిని ఏరి పారేస్తోంది. ఇద్దరు బురద కలిపి మొక్కల వేర్లు ముంచుతున్నారు. మిగతావాళ్ళు కర్రతో గుంట పొడిచి నాటడం. కబురు విని భీముడు వచ్చాడు. బిందె తీసుకుని వాగునీళ్ళ కోసం గెడ్డకి వెళ్ళాడు.

పక్క గూడెంలో ప్రార్థనకి పోతూ రవిబాబు దారిలో ఆగాడు. "ఈవేళ కలుపు కదమ్మా? నాట్లు వేస్తున్నారేంటి?"

కనక వంగి ఇంకో మొక్క నాటింది. చిట్టెమ్మే చెప్పింది. "కలుపనుకుని సోడి పీకీసినాం అయ్యగారూ."

పీకీసింది అనలేదు, పీకీసినాం అంది. కనక వంగిన నడుం ఎత్తలేకపోయింది.

రవిబాబు కుప్ప వైపు, చేను వైపు, కనక వైపు చూశాడు. బైబిలు సంచి కొమ్మకి తగిలించి, చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి చేలోకి దిగాడు.

"అయ్యగారూ, కాలు తియ్యండి! సోడి మీద నిల్చున్నారు!" చిన్నమ్మలు అరిచింది. పాపం, అతను ఉలిక్కిపడి వెనక్కి గెంతి ఇంకో రెండు మొక్కలు తొక్కాడు. పొద్దుటినుంచి మొదటిసారి ఆ చేలో నవ్వు వినిపించింది. చివరికి అతనికి బిందె మోసే పని ఇచ్చారు.

పొద్దు వాలేవేళకి చివరి వరస మిగిలింది. తక్కినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి గెడ్డకి పోయారు. కనక, చిట్టెమ్మ ఎదురెదురుగా కూర్చుని నాటుతున్నారు. దూరంగా లోయలో ఇనపరాయి మోసుకుపోయే గూడ్సు బండి చాలాసేపు చప్పుడు చేసి పోయింది.

"సిట్టీ," అంది కనక తలెత్తకుండా. "నా గుంటడికి జొరమొచ్చినప్పుడు నాను దిసారి కాడికి ఎల్లనేదు. ధనరాజు బావ ఒద్దన్నాడు. పార్దన సేసినాం. ఆరో నాడు పోయినాడు."

"తెలుసక్కా."

"నీ గుంట బతికినాది. నువ్వు తప్పు సేసినావు, నీ గుంట బతికినాది. నాను తప్పు సెయ్యలేదు, నాది పోయినాది. అదీ నా బాద. కోడి కాదు, కట్టుబాటూ కాదు. నీ గుంట మొకం సూత్తే నాకు కడుపు మండిపోతాది. అందుకే ఎల్లి సెప్పినాను."

చిట్టెమ్మ చేతిలో మొక్కని నేలలో పెట్టి, బొటనవేలితో మట్టి నొక్కింది. "ఎల్లినా బతికేవోడో నేదో అక్కా. నా పెనిమిటికీ కోయించినాను, రెండు కోళ్ళు. ఆడు బతికినాడా?"

కనక ఏడ్చింది. కొడుకు పోయిన ఈ ఎనిమిదేళ్ళుగా చర్చిలో అందరి ముందూ ఏడవకుండా దాచుకున్నదంతా బురద చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. చిట్టెమ్మ ఆపమనలేదు. పక్కనే కూర్చుని మిగతా వరస నాటింది.

*

శుక్రవారం పొద్దున్నే మబ్బు విడిపోయి ఎండ కాసింది. కనక అంబలి ముంత పక్కన పెట్టేసింది. నాలుగుసార్లు వెళ్ళి చూసింది. నాలుగుసార్లూ మొక్కలు తల వేలాడేసి నేలకి ఆనుకునే ఉన్నాయి. భీముడు, ఆమె, చిట్టెమ్మ గెడ్డ నుంచి బిందెలు మోస్తూనే ఉన్నారు. "వోన రాకపోతే ఏటి సేత్తావు?" అన్నాడు భీముడు. "మన సేలో సగం దానికి కోసిత్తాను," అంది కనక వెంటనే. అతను సరేనన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత తొందరగా ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సన్నటి ముసురు పట్టి సాయంత్రానికి వానయింది. ఆదివారం తెల్లారగట్టే కనక గొంగడి కప్పుకుని చేలోకి పరుగెత్తింది. నాలుగోవంతు పోయింది. మిగతాది నిలబడింది. ఆకు చివర నీటిచుక్కతో, సన్నగా, మొండిగా నిలబడింది. వరస వరసా తిరిగి వేలితో తాకి చూసింది. "బతికినాది! నా తల్లే, బతికినాది!" అని ఎవరూ లేని చేలో గట్టిగా అరిచింది.

చర్చిలో పాట అయ్యాక ధనరాజు లేచాడు. "కనకా, నువ్వు సూసింది సంగం ముందు సెప్పు." రవిబాబు ముందు పేర్ల పుస్తకం మూసే ఉంది.

కనక నిలబడింది. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

"సిట్టెమ్మ కోడి పట్టుకుని దిసారి ఇంటికెల్తంటే సూసినాను. నిజిమే. గురువారం దాని సేలో పిచ్చిది సూసినాను. అదీ నా కంటికి నిజిమే. పీకీసినాను, మీ ఆడోళ్ళ సేత పీకించినాను. అది సోడి." వేలితో తన కన్ను చూపించింది. "ముప్పై ఏళ్ళ నుంచి కలుపు తీత్తన్న కన్నిది. సోడి విసయంలోనే ఇలగైతే మనిసి విసయంలో ఈ కన్నుని నమ్మి ఒకలి పేరు కొట్టీసుకుంటారా? ఇంకో మాట. కోడి సంగతి నాను బక్తితో సెప్పనేదు. కడుపుమంటతో సెప్పినాను. దాని గుంట బతికినాదని కడుపుమంట."

ధనరాజు గొంతు సవరించుకున్నాడు. "అయితే తప్పు సేసినోళ్ళని అలగే ఉంచీమంటావా?"

"కోత దాకా ఉండనీ బావా. కోతకి ఆ రైతే వత్తాడు, ఆయనే సూసుకుంటాడు. ఆయనకి మతి పోనేదు. నాకే అర్దమవనేదు. కలుపు మంచిదని కాదు ఒద్దన్నాడు, పీకీ సెయ్యి మనది గనక ఒద్దన్నాడు." గొంతు తగ్గించింది. "నా గుంటడప్పుడు నువ్వు నాకు మంచి సెప్పినాననే అనుకున్నావు. నాకు తెలుసు. నీ మీద కోపం నేదు."

ధనరాజు తెల్ల చొక్కా మెడ బొత్తాం విప్పుకున్నాడు. ఆ ఆరు రోజుల ప్రార్థనలోనూ ఆ పిల్లాడి తల దగ్గర కూర్చున్నది అతనే. నేల చూస్తూ, "పుస్తకం లోపలెట్టీయండి అయ్యగారూ," అని కూర్చున్నాడు.

రవిబాబు పుస్తకం బీరువాలో పెట్టి వచ్చాడు. "పోయిన ఆదివారం ఈ కథ నేను మీకు చెప్పాననుకున్నాను," అన్నాడు. పాట ఎత్తుకున్నాడు.

కనక చాప మీద కూలబడింది. పాట సగంలో ఉండగా, తల్లి పక్కనుంచి లేచి చిన్నగా పాక్కుంటూ రత్న వచ్చి ఆమె మోకాలికి ఆనుకుంది. ఎవరు పంపారో, తనే వచ్చిందో.

కనక ఈసారి చూపు తిప్పుకోలేదు. పిల్ల మొహం చూసింది. ముందుపళ్ళ మధ్య సందు, గడ్డం మీద అంబలి మరక. మెల్లగా చెయ్యెత్తి నుదుటి మీద పెట్టింది. చల్లగా ఉంది. చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచింది.

"జొరం నేదు పెద్దమ్మా," అంది రత్న. "ఆకలేత్తంది."